అడివి బాపిరాజు రచనల్లో చిత్రకారుని దృష్టి

కవి చిత్రకారుడు కూడా అయినప్పుడు సాహిత్య చరిత్ర ఆయనను సగమే చూస్తుంది. అడివి బాపిరాజు (1895–1952) విషయంలో జరిగింది అదే. ‘నారాయణరావు’, ‘గోన గన్నారెడ్డి’ నవలలపై చర్చ సాగింది. ఆయన చిత్రరచన జీవిత విశేషాల మధ్య ఒక వాక్యంగా మిగిలిపోయింది.

రాజమహేంద్రవరం కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం దామెర్ల రామారావుతో పాటు బాపిరాజుకూ లభించింది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ వద్ద ఆయన బెంగాలు సంప్రదాయ చిత్రకళను అభ్యసించారు. రేఖకు, పలుచని వర్ణాలకు ప్రాధాన్యమిచ్చే సంప్రదాయమది. గేయాల్లోని ‘శశికళ’, ఆయన ఊహాప్రేయసి, ఈ అభ్యాసం నుంచి విడదీస్తే సరిగా అర్థం కాదు. ఆమె మాంసల రూపం కన్నా కాంతిగా, కదలికగా కనిపించడానికి భావకవిత్వ ప్రభావం ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం.

సాతవాహనుల కాలపు ‘హిమబిందు’లో నాయకుడు సువర్ణశ్రీ శిల్పి. వస్త్రాలు, ఆభరణాలు, కట్టడాల వర్ణనలతో అక్కడ కథ తరచూ ఆగుతుంది. దీనిని నవలా శిల్పంలో లోపమనవచ్చు, కొన్నిచోట్ల నిజమే కూడా. అయితే ఆ వర్ణనల్లో వస్తువుల స్థానం, వెలుగు, రంగు ఒక క్రమంలో అమరుతాయి. ముందు దృశ్యాన్ని చూసి ఆపై రాసిన పద్ధతి అది.

ఫ్రెంచి కవి మాక్స్ జాకబ్ (1876–1944) జీవనానికి చిత్రాలమ్మాడు. ఫ్రాన్సులో ఆయన రెండు కళలనూ కలిపే చదువుతారు. బాపిరాజుకు కుంచె వెండితెరపైనా ఉపకరించింది: 1936 నాటి ‘అనసూయ’, ‘ధ్రువవిజయం’ చిత్రాలకు కళాదర్శకుడు ఆయనే.