పేలని తూటా ఏం చెబుతుంది?

తుపాకీ పేలితే భయం. మరి ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే? హమ్మయ్య అనుకోవడానికి లేదు. అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే!

గుంటూరు బ్రాడీపేట లైన్లలో బ్యాంకులకు కొదవలేదు. వాటిలో కొన్నింటి గుమ్మం దగ్గర భుజాన పొడవాటి తుపాకీతో గార్డు కనిపిస్తాడు. చాలా కుటుంబాలు దగ్గర్నుంచి చూసిన తుపాకీ అదొక్కటే. పేరు పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. ఒక పౌను సీసంతో సమానంగా 12 గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో దీని గొట్టం రంధ్రం అంత ఉంటుంది. అంటే దాదాపు 18.5 మిల్లీమీటర్లు. ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకున్న ఎంతోమంది ఇళ్లలో ఉండేదీ ఇలాంటిదే.

ఈ తుపాకుల్లో చాలావాటికి ఏళ్ల తరబడి పనే ఉండదు. బెల్టులోని తూటాలు మాత్రం ఎండకు ఎండుతూ వానకు చెమ్మగిల్లుతూ ఉంటాయి. తీరా అవసరమైనప్పుడు ‘టిక్’మని ఊరుకుంటే? పోలీసులకే తప్పలేదు. 2019 ఆగస్టులో బీహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో గౌరవ వందనానికి 22 రైఫిళ్లు ఎత్తితే ఒక్కటీ పేలలేదు!

ముందు ఆగాలి

ఈ తుపాకీని నడుం దగ్గర వంచి, గొట్టం వెనక నుంచి తూటా పెట్టి మూస్తారు. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి సూది తూటా అడుగున మధ్యలో ఉండే చిన్న బిళ్లను కొడుతుంది. అదే ప్రైమర్. దాని నిప్పురవ్వ మందును అంటిస్తుంది.

ఒక్కోసారి ప్రైమర్ నెమ్మదిగా అంటుకుని, తూటా కాస్త ఆలస్యంగా పేలుతుంది. అందుకే ‘టిక్’మన్న వెంటనే తుపాకీ తెరవకూడదు. గొట్టాన్ని మనుషుల్లేని వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగాలి. మూసి ఉంటే పేలుడు ధాటిని ఉక్కు తట్టుకుంటుంది. తెరిస్తే తూటా చేతుల్లోనే బద్దలవుతుంది.

‘తుస్సు’మని పేలడం మరీ ప్రమాదం. తూటాలోని అట్ట గొట్టంలోనే ఇరుక్కుపోయి ఉండొచ్చు. అది చూసుకోకుండా రెండోది పేలిస్తే గొట్టమే చీలిపోతుంది.

గుంట చూసి గుట్టు చెప్పొచ్చు

బయటికి తీసిన తూటా ప్రైమర్ మీద సూది చేసిన గుంట ఉంటుంది. అది లోతుగా, నడిమధ్యన పడినా పేలలేదంటే అనుమానించాల్సింది తూటానే. చెమ్మో వయసో దాన్ని చంపేసి ఉంటుంది. గుంట లోతు లేకపోతే లోపం చాలావరకు తుపాకీలోనే ఉంటుంది. లోపలి నూనె జిగురుగా గడ్డకట్టడం, స్ప్రింగు నీరసించడం, సూది మొన అరగడం... ఏదైనా కావచ్చు. రెండు గొట్టాల్లో ఎప్పుడూ ఒకటే మొరాయిస్తోందంటే తప్పు తూటాది కాదన్నమాటే.

సూది, స్ప్రింగు బాగానే ఉన్నా దెబ్బ తేలిగ్గా పడుతోందా? అప్పుడు చూడాల్సింది హెడ్‌స్పేస్. గొట్టంలో తూటా అంచు ఆనే గాడికీ వెనక దాన్ని ఆపే ఉక్కు ముఖానికీ మధ్య ఉండాల్సిన చోటు ఇది. తలుపు కీలు అరిగితే గడియ సరిగా పడదు కదా, ఇదీ అంతే. తుపాకీ మడత కీలు అరిగితే గొట్టానికీ వెనక ముఖానికీ మధ్య సందు పెరుగుతుంది. వెనక ఆనుడు లేని చెక్కకు మేకు కొడితే ఏమవుతుంది? చెక్క ముందుకు జరుగుతుందే తప్ప మేకు దిగదు. సూది కొట్టినప్పుడు తూటా కూడా అలాగే జరిగి దెబ్బ వృథా అవుతుంది.

ఒకవేళ పేలినా ఆనవాళ్లు ఉంటాయి. ప్రైమర్ వెనక్కి పొడుచుకొస్తుంది. అంచు ఉబ్బుతుంది. ఖాళీ తుపాకీని మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనిపించొచ్చు, కదిపితే గొట్టాలు లొడలొడలాడొచ్చు. చోటు మరీ తగ్గితే తుపాకీ మూసుకోవడానికే మొండికేస్తుంది. బలవంతంగా మూయడం ముప్పే. తూటా అంచు మందం కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది కాబట్టి, ఒక రకం తూటా పేలి ఇంకో రకం పేలకపోవడమూ ఉంది.

సొంత వైద్యం వద్దు

ఇవన్నీ చూసి తెలుసుకోవడానికే. సూది అరగదీయడం, కీలుకు వెల్డింగు పెట్టడం లాంటి ప్రయోగాలు ఇంట్లో చేయకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులు బాగుచేసే వ్యాపారానికీ లైసెన్సు ఉండాల్సిందే. ఆ లైసెన్సున్నవారి దగ్గర కొలతల గేజీలుంటాయి. పేలని తూటాను పారేయకుండా వాళ్లకే అప్పగించాలి.

2024 మే ఎన్నికల్లాంటి సమయాల్లో చాలామంది లైసెన్సుదారులు తుపాకుల్ని పోలీసుల దగ్గర జమ చేస్తారు. నెలల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాక గూట్లో పెట్టేముందు ఓసారి నిపుణుడికి చూపించడం మేలు. తూటాల పెట్టె మీద కొన్న తేదీ రాసుకుని, పాతబడిన వాటిని అవసరం దాకా దాచకపోవడం అంతకన్నా మేలు.