వేడినీళ్లు ఆ ఒక్క షవర్‌లోనే రావట్లేదా?

వంటింట్లో సింకు దగ్గర చెయ్యి కాలేంత వేడినీళ్లు. బాత్‌రూమ్‌లో బకెట్ కుళాయిలోనూ వేడినీళ్లే. పక్కనున్న షవర్ తిప్పితే మాత్రం చన్నీళ్లు. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో మొదటి నింద గీజర్ మీద పడుతుంది. మెకానిక్ వచ్చి ఎలిమెంట్ పోయిందనో, థర్మోస్టాట్ మార్చాలనో అంటాడు. డబ్బులిచ్చాక కూడా షవర్‌లో చన్నీళ్లే వస్తాయి. అదే గీజర్ నుంచి, అదే సోలార్ ట్యాంకు నుంచి ఇంకో కుళాయికి వేడినీళ్లు అందుతున్నాయంటే నీళ్లు కాగుతున్నట్టే. లోపం దారిలో ఉంది. లేదంటే ఆ మిక్సర్‌లోనే ఉంది.

ముందుగా ఒక అపోహ తీర్చుకుందాం. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు సుమారు పావు లీటరు నీళ్లు నిలిచి ఉంటాయి. మేడ మీది సోలార్ నుంచి కింది అంతస్తుకు పైపు 30 మీటర్లు తిరిగి వచ్చిందంటే, అందులో చల్లారిన నీళ్లే ఏడెనిమిది లీటర్లు. వాష్‌బేసిన్ కుళాయి నిమిషానికి మూడు లీటర్లు వదులుతుందనుకుంటే వేడి అందడానికి రెండు నిమిషాలు దాటుతుంది. మొహం కడుక్కోవడానికి అంతసేపు ఎవరు ఆగుతారు? అందుకే కొన్ని ఇళ్లలో బేసిన్‌లో వేడినీళ్లు ఎప్పుడూ రావు. అక్కడ చెడిపోయిందేమీ లేదు, పైపు పొడవుగా ఉందంతే.

కాసేపు వదిలినా వేడి రాలేదంటే అసలు పరీక్ష మొదలుపెట్టాలి. ఆ కుళాయికి వచ్చే చన్నీళ్లను పూర్తిగా కట్టేయండి. బేసిన్ అయితే కింద యాంగిల్ కాక్ ఉంటుంది. షవర్ మిక్సర్ అయితే చన్నీళ్ల నాబ్ మూసేస్తే చాలు. సింగిల్ లీవర్ అయితే పిడిని వేడివైపు చివరిదాకా తిప్పండి. ఇప్పుడు వేడినీళ్లు మాత్రమే వదిలి, ఏం వస్తుందో చూడండి.

నీళ్లే రాకపోతే, లేక సన్నగా కారితే, ఎక్కడో అడ్డు పడింది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మామూలే. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి; వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మన బోర్లు చాలాచోట్ల ఆ మొదటి గీత దాటేసినవే. నీళ్లు కాగినకొద్దీ అందులోని సున్నం విడివడి, కాచే గిన్నె అడుగున పేరుకున్నట్టే పైపులోనూ పేరుకుంటుంది. అందుకే ఒకే మిక్సర్‌లో చన్నీళ్ల వైపు శుభ్రంగా ఉండి, వేడివైపు మూసుకుపోతుంది. మిక్సర్‌కు నీళ్లు వచ్చే చోట చిన్న జాలీ ఉంటే విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెట్టండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ జోలికి పోవద్దు. అది మెరుపునూ తినేస్తుంది, రబ్బరునూ తినేస్తుంది.

పాతకాలపు నాబ్ మిక్సర్లలో ఇంకో తమాషా జరుగుతుంది. నాబ్ తిరుగుతుంది, స్పిండిల్ పైకి లేస్తుంది, దాని చివరి రబ్బరు వాషర్ మాత్రం ఊడి సీటుకు అతుక్కునే ఉంటుంది. వేడికి ఉబ్బిన రబ్బరు చేసే పని ఇది. వాషర్ కొత్తది వేస్తే సరిపోతుంది. కుళాయి ఈమధ్యే మార్చి ఉంటే, కింద వేడినీళ్ల యాంగిల్ కాక్ తెరిచారో లేదో చూడండి. పని ముగించిన తొందరలో దాన్ని మరిచిపోవడం కొత్తేమీ కాదు.

చన్నీళ్లు కట్టేసినప్పుడు వేడినీళ్లు బాగానే వచ్చి, రెండూ కలిపితే చల్లబడుతున్నాయంటే కథ వేరు. మేడ మీది సోలార్ నీళ్లు కేవలం ఎత్తు బలంతో దిగుతాయి. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ ఒత్తిడి. చన్నీళ్ల లైనుకు మాత్రం ప్రెషర్ పంపు బిగించి ఉంటే, మిక్సర్‌లో ఆ బలమైన చన్నీళ్లు వేడినీళ్లను వెనక్కి నెట్టేస్తాయి. కింద ఒకరు స్నానం చేస్తున్నప్పుడు మేడెక్కి చూడండి. సోలార్ ట్యాంకు గాలి గొట్టం నుంచి నీళ్లు బయటికి కారుతుంటే దొంగ దొరికినట్టే. పంపు ఒత్తిడి తగ్గించాలి, లేదా వేడినీళ్ల లైనుకూ పంపు పెట్టించాలి.

అన్నిటికన్నా మోసం చేసేది మూడో రకం. వేడివైపు మాత్రమే తెరిచినా ధార బలంగానే వస్తుంది, కానీ చన్నీళ్లే. చన్నీళ్లు ఎక్కడో వేడి లైనులోకి దూరుతున్నాయి. ఆ దారి తరచుగా మీరు అనుమానించని ఇంకో కుళాయిలో ఉంటుంది. మిక్సర్‌కు తగిలించిన హ్యాండ్ షవర్‌నో, హెల్త్ ఫాసెట్‌నో చివర మీట వదిలి ఆపేస్తారు; వెనక రెండు నాబ్‌లూ తెరిచే ఉంటాయి. బయటికి దారి లేని చన్నీళ్లు ఆ మిక్సర్ గుండానే వేడి పైపులోకి జారుకుంటాయి. సింగిల్ లీవర్ అయితే లోపలి కాట్రిడ్జ్ సీలు అరిగినా ఇదే జరుగుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. గీజర్ స్విచ్ ఆపేయండి. గీజర్‌కు నీళ్లు వెళ్లే వాల్వ్ పూర్తిగా మూయండి; సోలార్ అయితే ట్యాంకు నుంచి వేడినీళ్లు దిగే వాల్వ్ మూయండి. ఇప్పుడు ఇబ్బంది పెడుతున్న కుళాయిలో వేడివైపు మాత్రమే తెరవండి. పైపులో మిగిలినవి కారిపోయి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే అవి చన్నీళ్ల లైను నుంచి వస్తున్నవే. అప్పుడు ఇంట్లోని మిక్సర్ల నాబ్‌లు ఒక్కొక్కటే మూసుకుంటూ పోండి. దేన్ని మూస్తే ధార ఆగిందో తప్పు అక్కడే. అన్నీ మూసినా ఆగకపోతే ఏదో సింగిల్ లీవర్ కాట్రిడ్జ్‌ను అనుమానించాలి. కొత్తగా కట్టిన బాత్‌రూమ్ అయితే వేడి, చన్నీళ్ల పైపులు తారుమారుగా కలిపి ఉండవచ్చు. పని అయ్యాక ముందు వాల్వ్ తెరిచి, కుళాయిలో నీళ్లు నిండుగా వచ్చాకే గీజర్ స్విచ్ వేయండి.

ఈ పరీక్షలకు పానా కూడా అక్కర్లేదు. ఫలితం తెలుసుకుని పిలిస్తే ప్లంబర్‌కు పని సగం తగ్గుతుంది, మీకు ఖర్చూ తగ్గుతుంది. గోడలో పైపు పోయింది, టైల్స్ పగలగొట్టాలి అని ఎవరైనా అంటే, ముందు గీజర్ వాల్వ్ మూసి ధార ఆగుతుందో లేదో చూపించమనండి. అది చూపించకుండా గోడ మీద ఉలి పెట్టనివ్వకండి.