పలకపై వ్రాత: కంపైలరులో స్టోరు ఆదేశము

కంప్యూటరు నేడు మన చేతిలోని టెలిఫోనునందును, బ్యాంకు గుమాస్తా బల్లమీదను, రైలు టిక్కెట్టులిచ్చు కిటికీ వెనుకను ఉన్నది. అది చేయు ఘనకార్యము లెన్ని యున్నను, వానిని విప్పి చూచినచో అడుగున మిగులునవి మిక్కిలి చిన్న పనులు. ఒక అంకెను చదువుట, దానిని మరియొకదానితో కూడుట, వచ్చిన ఫలితము నొకచోట వ్రాసి దాచుట. ఈ కడపటి పనికి స్టోరు ఆదేశమని పేరు. మూడింటిలోను ఎక్కువ జాగ్రత్త కోరునది ఇదియే. తప్పుగా చదివినదానిని మరల చదువుకొనవచ్చును. తప్పుచోట వ్రాసినప్పుడో, అక్కడ అంతకుముందున్నది చెరిగిపోవును. అది తిరిగి రాదు.

మానవుడు తనకు సుబోధమైన భాషలో ప్రోగ్రామును వ్రాయును. దానిని యంత్రభాషలోనికి మార్చు దుబాసియే కంపైలరు. ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వమున తయారై 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ కంపైలరు ఈ విద్యకు గట్టి పునాది వేసినది. నిపుణుడు స్వహస్తముతో వ్రాసిన యంత్రభాషకు వేగములో తీసిపోని అనువాదము కావలెనని ఆ బృందము పట్టుబట్టినది. నాటినుండి కంపైలరు కేవలము దుబాసి కాదు, సంస్కర్త కూడ. అనావశ్యకమని తనకు తోచినదానిని అది తీసివేయును. ఆ తోచుటలోనే మన కథయంతయు ఉన్నది.

ఈ సంస్కారము ఒక్క ఊపున జరుగదు. వడ్లు బియ్యమై అన్నమగుటకు ముందు దంచుట, చెరుగుట, జల్లించుట, రాళ్లేరుట అను పనులు వరుసగా జరుగునట్లే, ప్రోగ్రాము కూడ పెక్కు దశల గుండ సాగును. ఒక్కొక్క దశను పాస్ అందురు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 2000లో విక్రమ్ అద్వే, క్రిస్ లాట్నర్ అనువారు ప్రారంభించిన ఎల్.ఎల్.వి.ఎం. అను కంపైలరు వ్యవస్థ ఈ దశలను విడివిడి పనిముట్లుగా నిర్మించినది. అభ్యాసము గలవా రెవ్వరైనను తమ సొంత పాసును వ్రాసి ఆ వరుసలో చేర్చవచ్చును. స్వేచ్ఛ పెద్దది, బాధ్యతయు అంతే.

ఎల్.ఎల్.వి.ఎం. మధ్యభాషలో స్టోరు ఆదేశమునకు ముఖ్యముగ రెండు అంగములు కలవు. మొదటిది వ్రాయవలసిన విలువ. రెండవది వ్రాయవలసిన చోటు, అనగా చిరునామా. దీనినే పాయింటరందురు. ఇతర ఆదేశములకును దీనికిని ఒక భేదము కలదు. కూడికకు ఫలితముండును, ఆ ఫలితమునకు పేరుండును, తరువాతి ఆదేశములు ఆ పేరుతో దానిని వాడుకొనును. స్టోరునకు ఫలితమే లేదు. అది చేసినదంతయు మెమరీలో మిగులును. కావున, ఈ ఆదేశమును ఎవ్వరును వాడుకొనుట లేదు గనుక తొలగింతునని స్టోరు విషయమున అనరాదు. దాని ప్రయోజనము పేర్లలో వెదకినను దొరకదు, చిరునామాలలోనే వెదకవలెను.

ఇచ్చట క్రొత్తవారిని తికమకపెట్టు సంగతి యొకటి కలదు. ఒక చిరునామాను ఏ ఆదేశములు వాడుచున్నవని కంపైలరు నడిగినచో అది స్టోరులను కూడ చూపును. అంతమాత్రముచేత ఆ స్టోరు ఆ చిరునామాలో వ్రాయుచున్నదని నిశ్చయింపరాదు. ఉత్తరమును మీ యింటి పెట్టెలో వేయుట వేరు. మీ యింటి చిరునామాను కాగితముపై వ్రాసి పొరుగూరి వారి పెట్టెలో వేయుట వేరు. రెండవ సందర్భమున చిరునామా వ్రాయవలసిన విలువ స్థానమున నిలిచినది. అనగా, ఆ చోటి సంగతి బయటివారికి తెలిసిపోయినది. ఇక నెవ్వరు వచ్చి అక్కడ చదువుదురో, వ్రాయుదురో చెప్పజాలము. కాబట్టి పాస్ వ్రాయువారు మన చిరునామా ఏ స్థానమున నున్నదో మొదట విచారింపవలెను.

వ్రాత ఎంత మేర ఆక్రమించునన్నది మరియొక ప్రశ్న. పూర్వము ఎల్.ఎల్.వి.ఎం.లో పాయింటరును చూచినచో, దాని వెనుకనున్న వస్తువు ఎట్టిదో కూడ తెలియుచుండెను. 2022లో వచ్చిన 15వ విడుదలనుండి పాయింటరు వట్టి చిరునామాయే. 2023 నాటి 17వ విడుదలలో పాత పద్ధతి పూర్తిగా తొలగినది. ఇంటి నంబరు చూచి ఇంటిలో ఎన్ని గదులున్నవో చెప్పలేము గదా! కావున కొలతను వ్రాయవలసిన విలువ నడిగి తెలిసికొనవలెను. విలువ 32 బిట్లదైనచో 4 బైట్లు, 64 బిట్లదైనచో 8 బైట్లు. పాత పుస్తకములు చూచి పాసులు వ్రాయువారు ఈ మార్పును గమనింపవలెను.

ఇక సొంత పాసుల ఉపయోగములు రెండు విధములు: చేర్చుట, తీసివేయుట.

చేర్చుటకు చక్కని ఉదాహరణము అడ్రస్‌శానిటైజరు. దీనిని గూగుల్ సంస్థవారు 2012లో ఒక పరిశోధన వ్యాసమున వివరించిరి. ప్రోగ్రాములోని చదువులకును, వ్రాతలకును ముందు ఈ చోటు నీదేనా అను ప్రశ్న నది చేర్చును. మెమరీలో ప్రతి 8 బైట్లకు ఒక కాపలా బైటు వేరొకచోట నుండును. కాపలా బైటులో సున్న యున్నచో 8 బైట్లును వాడదగినవి. 1 మొదలు 7 వరకు అంకె యున్నచో మొదటి అన్ని బైట్లు మాత్రమే వాడదగినవి. ఋణసంఖ్య యున్నచో ఆ చోటు నిషిద్ధము. తప్పుచోట వ్రాయబోయిన ప్రోగ్రాము అక్కడనే పట్టుబడును. ఆ వ్యాసము ప్రకారము ఇందువలన ప్రోగ్రాము సగటున నూటికి 73 వంతులు మందగించును. అయినను, చోరుని వాకిటనే పట్టుకొనుటకు ఈ వెల చెల్లింపదగినదే.

ఇట్టి పాసులో రెండు మెలకువలు ముఖ్యములు. మొదటిది: ఎన్ని వ్రాతలు జరుగుచున్నవో లెక్కించుటకు మనము ప్రతి స్టోరునకు ముందు ఒక లెక్కను చేర్చితిమనుకొందము. ఆ లెక్కను పెంచుటకు మరల మెమరీలో వ్రాయవలెను, అదియు స్టోరే. పాస్ దానిని కూడ చూచి దానికొక లెక్కను చేర్చినచో ఈ పనికి అంతముండదు. కాబట్టి ప్రోగ్రాములోని స్టోరులను ముందుగా ఏరి జాబితా వ్రాసికొని, పిమ్మట ఆ జాబితా ప్రకారమే పని చేయవలెను. రెండవది: ఆదేశముల వరుసలో నడచుచు, తాను నిలిచియున్న ఆదేశమునే తొలగించినచో ముందునకు దారి యుండదు. అది కూర్చున్న కొమ్మను నరుకుకొనుట వంటిది. తరువాతి ఆదేశ మేదియో గుర్తుంచుకొని, ఆ మీదట తొలగింపవలెను.

మెమరీలో వ్రాయునది స్టోరు ఆదేశ మొక్కటియే కాదనుట మరువరాదు. పెద్ద మేరను ఒక్కసారి నింపు మెమ్‌సెట్, ఒకచోటనుండి మరియొకచోటికి నకలు తీయు మెమ్‌కాపీ, చదివి మార్చి వ్రాయు అటామిక్ ఆదేశములు కూడ వ్రాయునవే. పిలువబడిన మరియొక ఫంక్షను లోలోపల వ్రాయవచ్చును. స్టోరులను మాత్రమే కాచుట, వీధి తలుపు గడియవేసి పెరటి తలుపు తెరచి యుంచుటతో సమానము.

పాసును ఏ దశలో నిలుపుట యన్నదియు విచార్యమే. సంస్కారమునకు ముందు సామాన్యముగ ప్రతి స్థానిక చరరాశికి మెమరీలో ఒక గది యుండును. విలువ మారినప్పుడెల్ల అక్కడ ఒక స్టోరుండును. పిదప వచ్చు మెమ్‌టురెగ్ అను పాస్ అట్టి గదులలో పెక్కింటిని ఎత్తివేసి విలువలకు నేరుగా పేర్లు పెట్టును. ఆ స్టోరులు మాయమగును. ముందు లెక్కించినవాని లెక్క ఒకటి, తరువాత లెక్కించినవాని లెక్క మరియొకటి. ఇద్దరిలో ఎవ్వరును అబద్ధమాడుట లేదు. జల్లించుటకు ముందు తూచిన తూనికయు, తరువాత తూచిన తూనికయు ఒక్కటి కానేరవు గదా!

ఇప్పుడు తీసివేయుట సంగతి. గృహిణి పాలలెక్కను పలకపై 4 అని వ్రాసి, ఎవ్వరును చూడకముందే దానిపై 5 అని దిద్దినదనుకొందము. మొదటి వ్రాత వృథా. ఇట్టిదానిని మృతస్టోరు అందురు; కంపైలరు దానిని తొలగించును. అయితే తొలగించుటకు ముందు పాస్ మూడు సంగతులను తేల్చుకొనవలెను. రెండవ వ్రాత మొదటిదాని మేరనంతయు కప్పుచున్నదా? రెండింటి నడుమ ఆ చోటిని ఎవ్వరైనను చదువవచ్చునా? రెండు చిరునామాలును నిశ్చయముగ ఒక్కటేనా? ఇట్టి ప్రశ్నకు కంపైలరు సమాధానములు సామాన్యముగ మూడు విధములు: తప్పక ఒక్కటే, కావచ్చును, కానేకాదు. కావచ్చును అని వచ్చినచో ఆదేశము జోలికి పోరాదు. సంశయలాభము ఇచ్చట ఆదేశమునకే చెందవలెను.

వోలటైల్ అను ముద్ర గల స్టోరులు మరియొక జాతి. ఆ చిరునామా వెనుక నున్నది మెమరీ కాక ఒక మోటారో, దీపమో కావచ్చును. వెలుగు అని ఒకసారియు, ఆరు అని మరియొకసారియు వ్రాసినచో రెండును జరుగవలసినవే. వీని సంఖ్యను మార్చుటకు కంపైలరునకు అధికారము లేదు. కావున ప్రతి స్టోరును చేపట్టునప్పుడు అది సాధారణమైనదా, వోలటైల్ లేక అటామిక్ జాతికి చెందినదా అని ముందుగా అడుగుట పాస్ వ్రాయువారి విధి.

మనందరి క్షేమమునకు సంబంధించిన చిక్కు దీనిలోనే దాగియున్నది. బ్యాంకులో లావాదేవీకై మీ రహస్యపదమును ప్రోగ్రాము కొంతసేపు మెమరీలో ఉంచుకొనును. పని ముగియగానే బుద్ధిమంతుడైన ప్రోగ్రామరు ఆ చోటిని మెమ్‌సెట్‌తో సున్నలుగా నింపును. పలకను తుడిచివేసెనన్నమాట. కాని కంపైలరు కన్నుతో చూడుడు. ఈ సున్నలు కూడ ఒక వ్రాతయే. దీని తరువాత ఆ చోటిని ఈ ప్రోగ్రాములో ఎవ్వరును చదువుట లేదు. ఎవ్వరును చదువని వ్రాత వృథా. వృథాను తొలగించుట తన ధర్మము. కాబట్టి తుడుపును తొలగించును. రహస్యము పలకపై నిలిచియుండును. తర్కమున దోషము లేదు. ఫలితము మాత్రము మిక్కిలి ప్రమాదకరము. చదువువాడు ప్రోగ్రామునకు వెలుపలివాడు, చోరుడు. కంపైలరు లెక్కలో వానికి స్థానమే లేదు.

దీనికి విరుగుడుగా 2014లో వెలువడిన ఓపెన్‌బి.ఎస్.డి. 5.5లో ఎక్స్‌ప్లిసిట్ బిజీరో అను ఫంక్షను ప్రవేశించినది. లైనక్సులో వాడుకలోనున్న గ్నూ సి లైబ్రరీ 2017లో దానిని చేర్చుకొనినది. 2024లో ప్రచురితమైన సి భాష ప్రమాణమునందు మెమ్‌సెట్ ఎక్స్‌ప్లిసిట్ అను పేర అట్టి సాధనమే చోటు చేసికొనినది. ఇవన్నియు కంపైలరుతో చెప్పునది ఒక్కటే: ఈ తుడుపు వృథాగా కనుపించినను వృథా కాదు, ముట్టవద్దు. గ్నూ లైబ్రరీలో ఈ హెచ్చరిక, లోపల ఒక్క ఆదేశమును లేని ఖాళీ అసెంబ్లీ తునక రూపమున ఉన్నది. మెమరీతో తనకు సంబంధము కలదని అది ప్రకటించును. సొంత పాస్ వ్రాయువారు, లోపల ఏమియు లేదు గదా అని దానిని ఊడ్చివేసినచో కాపలావానిని ఇంటికి పంపి తలుపు తెరచినట్లే. ఇంత చేసినను, రహస్యపు నకలు ఏ రిజిస్టరులోనో మిగిలియుండవచ్చును. కాబట్టి ఈ సాధనములు చోటిని తుడుచునే గాని, రహస్యము జాడలన్నిటిని తుడుచునని భావింపరాదు.

ఆదేశముల కూర్పు నియమబద్ధముగ నున్నదో లేదో పరీక్షించు వెరిఫయరు అను తనిఖీదారు ఎల్.ఎల్.వి.ఎం.లో కలదు. స్టోరునకు చిరునామా స్థానమున చిరునామా కానిదానిని పెట్టినచో అది పట్టుకొనును. కాని ఉండవలసిన స్టోరును తొలగించినచో వెరిఫయరునకు తెలియదు. మిగిలిన ప్రోగ్రాము వ్యాకరణశుద్ధముగనే యుండును. వాక్యము సరిగా నున్నదని చెప్పగలవాడు, పోయిన వాక్యమేదో చెప్పలేడు. అందుచేత పాస్ వ్రాయువారు తాము మార్చిన ప్రోగ్రామును నడపి చూడవలెను. మార్పుకు ముందును వెనుకను మధ్యభాషను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. తొలగించిన ప్రతి వ్రాతకును కారణము చెప్పగలిగి యుండవలెను.

తీసినదానివలన ప్రోగ్రామునకు లభించునది రెప్పపాటులో వెయ్యవవంతు వేగము. తీయరానిదానిని తీసినచో పోవునది ఒక కుటుంబపు దాచుకొన్న సొమ్ము కావచ్చును. ఈ రెండింటిని తూచి చూచుట యంత్రమునకు చేతకాదు. ఆ తక్కెడ పాస్ వ్రాయువారి చేతిలోనే యున్నది.