మేడ మీద మన వాతావరణ కేంద్రం

కూకట్‌పల్లిలో మోకాలి లోతు నీళ్లు. అదే సాయంత్రం ఉప్పల్‌లో చినుకు లేదు. హైదరాబాద్ వాళ్లకిది మామూలే. ఫోన్లో యాప్ మాత్రం ఊరంతటికీ ఒకటే బొమ్మ చూపిస్తుంది. మరి మన వీధిలో ఎంత కురిసిందో ఎవరు చెప్పాలి? మనమే చెప్పొచ్చు!

ఈఎస్‌పీ32 బోర్డు, ఉష్ణోగ్రత, తేమ, పీడనం మూడూ కొలిచే బీఎంఈ280 సెన్సర్, వాన, గాలి మీటర్లు ఉంటే చాలు. కొనేటప్పుడు పేరు సరిచూసుకోండి. బీఎంపీ280 కూడా అచ్చం అలాగే ఉంటుంది కానీ తేమ కొలవదు. కోడింగ్ ఓ వీకెండ్ పని. చాలా ప్రాజెక్టులు దెబ్బతినేది సెన్సర్లు పెట్టే చోటు దగ్గరే.

ఎండ తగలొద్దు, గాలి ఆగొద్దు

మనం కొలవాల్సింది గాలి వేడిని. నేరుగా ఎండ పడితే సెన్సర్ తన ఒంటి వేడినే చూపిస్తుంది. 42 డిగ్రీలు కాస్తా 47 అవుతుంది. ఆ స్క్రీన్‌షాట్ కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే జనం హడలిపోరూ! పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు ఏడెనిమిది బోర్లించి, మధ్యలో సందు వదిలి ఒకదానిపై ఒకటి బిగించండి. లోపల సెన్సర్ పెడితే ఎండ తగలదు, గాలి ఆడుతుంది.

పెరడు ఉంటే మట్టి లేదా గడ్డి నేల మీద, 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో పెట్టడం మేలు. అపార్ట్‌మెంట్ అయితే మేడే దిక్కు. పగలంతా తాగిన ఎండను శ్లాబు రాత్రి వదులుతుంది కాబట్టి దానికి వీలైనంత పైన, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకు దూరంగా ఉంచండి.

200 మిల్లీలీటర్ల పరీక్ష

వానమీటరుకు చెట్లు, గోడలు, నీళ్ల ట్యాంకు అడ్డు రాకూడదు. అడ్డు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెట్టింపు దూరం పాటించాలి. మీటరు మూతి కంటే ట్యాంకు 8 అడుగులు పైకి ఉంటే 16 అడుగులు జరగాల్సిందే.

లెక్క సరిపోతోందా? చదరపు మీటరు మీద లీటరు నీళ్లు పడితే 1 మిల్లీమీటరు వాన. గరాటు మూతి వ్యాసం 16 సెంటీమీటర్లు అనుకుందాం. 200 మిల్లీలీటర్ల నీళ్లు సన్నటి ధారగా పోస్తే మీటరు దాదాపు 10 మిల్లీమీటర్లు చూపాలి. తేడా వస్తే కోడ్‌లో సరిదిద్దుకోండి.

గాలి, పీడనం

గాలి వేగానికి ప్రామాణిక ఎత్తు ఖాళీ స్థలంలో 10 మీటర్లు. ఇళ్ల మధ్య అది కష్టం. మేడపై స్తంభం ఎంత ఎత్తుంటే అంత నయం. ఉత్తర దిక్కును ఫోన్ కంపాస్‌తో చూసేటప్పుడు ఇనుప స్తంభానికి దూరంగా నిలబడండి.

హైదరాబాద్‌లో బారోమీటర్ 950 హెక్టోపాస్కల్స్ చూపితే సెన్సర్ పాడైందనుకోవద్దు. ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది మరి. యాప్‌లో కనిపించే 1010 లాంటి అంకె సముద్రమట్టానికి మార్చిన లెక్క.

కెరియర్‌కు ఏం లాభం?

వాతావరణ శాఖ రోజు వాన లెక్కను ఉదయం 8.30కు తీస్తుంది. మీరూ అదే సమయం పాటిస్తే దగ్గర్లోని ప్రభుత్వ కేంద్రంతో పోల్చుకోవచ్చు. స్టేషన్‌కు నాలుగు దిక్కుల ఫొటోలు, సెన్సర్ల ఎత్తులు, మార్పులు చేసిన తేదీలు ఒక ఫైల్లో రాసిపెట్టండి. ఒక వానాకాలం పూర్తయ్యేసరికి ఐఓటీ, డేటా అనలిటిక్స్ రెండింటికీ పనికొచ్చే సొంత డేటా చేతిలో ఉంటుంది.

ఇష్టం ముదిరితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలు నిర్వహించింది. ఎక్కడికెళ్లినా ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న ఖాయం: ‘ఈ రీడింగును ఎందుకు నమ్మాలి?’ ఆ ఫైల్ తెరిచి చూపించండి.