ఇంట్లో కొబ్బరి బన్ను

బెంగుళూరులో పుట్టి పెరిగిన మన పిల్లలకు కొబ్బరి బన్ను సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. హాసను వైపు నుండి వచ్చిన అయ్యంగారు అన్నదమ్ములు 1898లో చిక్కపేటలో బేకరీ తెరిచారు. ఆ తరువాత అయ్యంగార్ బేకరీ లేని పేట ఈ ఊళ్లో లేదన్నంతగా అవి వ్యాపించాయి. సాయంకాలం ఆ దారిన పోతుంటే వెన్న వాసన, ఏలకుల వాసన కలిసి మనిషిని నిలబెట్టేస్తాయి. అయినా ఆ పొట్లం మా వంటింటి గడప దాటడానికి చాలా ఏళ్లు పట్టింది. కారణం మా అత్తగారు.

"అందులో కల్లు పోస్తారే అమ్మాయ్!" అనేవారావిడ. మేము నవ్వేవాళ్లం గాని, ఆ మాటలో అబద్ధం లేదు. ఒకప్పుడు దక్షిణాదిని రొట్టె పిండిని కల్లుతో పొంగించేవారు. ఇప్పుడా పని పొడి ఈస్టు చేస్తున్నది. కిందటేడు పళ్లన్నీ పోయి, అన్నం సయించక, "మెత్తనిదేదైనా చేసి పెట్టకూడదూ" అని ఆవిడే అడిగారు. అప్పుడు మొదలుపెట్టాను.

మొదటిసారి నేను చేసినది బన్ను కాదు, సన్నికల్లు పొత్రం. మరిగే పాలు తెచ్చి ఈస్టు మీద పోశాను. ఈస్టు ప్రాణమున్న వస్తువు. 60 డిగ్రీల వేడి తగిలితే ఇక బ్రతకదు. పాలు పసిపిల్లకు పట్టేటంత గోరువెచ్చగా ఉంటే చాలును.

అటువంటి పాలు 140 మిల్లీలీటర్లు తీసికొని, చెంచాడు చక్కెర, చెంచాడు ఈస్టు కలిపి పది నిమిషాలు ఉంచండి. నురుగు రాకపోతే ఆ ఈస్టు పాతదన్నమాట, మైదా పాడుచేసుకోకండి. నురుగు వస్తే 250 గ్రాముల మైదా, రెండు పెద్ద చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేసి కలిపి, 40 గ్రాముల వెన్న చేర్చి, పది నిమిషాలు బాగా మర్దించండి. మొదట చేతికి అంటుకుంటుంది. కంగారుపడి మరింత మైదా చల్లితే బన్ను గట్టిపడుతుంది. ఓపిక పట్టండి, అదే సాగుతుంది.

ఇక మూతపెట్టి వదిలేయడమే. మద్రాసు ఎండల్లో గంటకు రెట్టింపవుతుంది. మా ఊళ్లో డిసెంబరు చలికి రెండు గంటలు పట్టవచ్చును. గడియారం చూడకండి, పిండిని చూడండి. ఇడ్లీ పిండి ఎప్పుడు పొంగిందో కంటితో చెప్పగల ఇల్లాలికి ఇది కొత్త విద్య కాదు.

ఈలోగా లౌజు. కప్పు పచ్చికొబ్బరి కోరు, అరకప్పు చక్కెర, చెంచా నెయ్యి, రెండు ఏలకుల పొడి. తడి ఇగిరి బాణలిని వదిలేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చండి. తడి మిగిలితే బన్ను అడుగు ముద్దవుతుంది. పిల్లల కోసం టూటీఫ్రూటీ వేస్తే వేయండి, నాకు మటుకు ఇష్టం లేదు.

పొంగిన పిండిని ఎనిమిది ఉండలు చేసి, బూరెకు పూర్ణం పెట్టినట్లు లౌజు పెట్టి, అతుకు అడుగుకు వచ్చేలా పళ్లెంలో ఉంచి, మరొక అరగంట పొంగనివ్వండి. పైన పాలు రాసి, ముందుగా వేడిచేసిన ఓవెనులో 180 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు కాలిస్తే ఎర్రగా వస్తాయి. కొబ్బరి కనుక రెండో రోజుకు ఫ్రిజ్‌లో పెట్టవలసిందే.

పళ్లెం ముందు పెట్టగానే అత్తగారు, "కల్లు లేదు గదా?" అన్నారు. దాచి తినిపించడానికి మనసొప్పలేదు. కల్లు పోయలేదనీ, కాని ఈస్టు చక్కెరను తిన్నప్పుడు పిండిని పొంగించే గాలితోపాటు సారా జాతి పదార్థం కూడా కొంచెం పుడుతుందనీ, ఓవెను వేడికి అది చాలావరకు ఆవిరైపోతుందనీ ఉన్నదున్నట్లు చెప్పాను. మా ఆయన నావంక కోపంగా చూశారు.

ఆవిడ ఆ రోజు ముట్టుకోలేదు. నేను బలవంతపెట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం తానే అడిగి, పాలలో తుంచి వేసుకొని, నెమ్మదిగా ఒకటి పూర్తిగా తిన్నారు. "ఏలకులు ఎక్కువైనాయి," అన్నారు.

పైన రెండని వ్రాసినది ఆ తరువాతి లెక్క.