సెరెంగెటి మందల వెనుక పశువుల టీకా

స్వాహిలీ భాషలో 'సఫారీ' అంటే ప్రయాణం. అరబ్బీ నుంచి వచ్చిన మాట ఇది. ఉర్దూ, హిందీల ద్వారా మనకు తెలిసిన 'సఫర్' కూడా అక్కడిదే. సఫారీ అనగానే చాలామందికి గుర్తొచ్చే చోటు టాంజానియా ఉత్తర భాగంలోని సెరెంగెటి జాతీయ పార్కు. 1951లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం సుమారు 14,763 చదరపు కిలోమీటర్లు. 1981లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. మాసాయి భాషలో ఈ పేరుకు 'అంతులేని మైదానం' అని అర్థం చెబుతారు.

గోరోంగోరో వైపు నుంచి వచ్చే వాహనాలు నాబీ హిల్ గేటు దగ్గర పార్కులోకి ప్రవేశిస్తాయి. పైకప్పు లేచే జీపులో నిలబడి చూడటమే తప్ప, గైడు అనుమతి లేకుండా కిందికి దిగకూడదు. మైదానంలో దారి వదిలి బండిని ఇష్టం వచ్చినట్టు తిప్పడానికీ వీల్లేదు. చక్రాల కింద నలిగిన గడ్డి మళ్లీ పెరగడానికి చాలా కాలం పడుతుంది, మట్టి గట్టిపడుతుంది. ఇక్కడ అన్నింటికీ ఆధారం ఆ గడ్డే.

చెట్లు లేని నేల

గేటు దాటగానే కనిపించే మైదానంలో కనుచూపు మేరలో చెట్టు ఉండదు. దానికి కారణం తూర్పున ఉన్న అగ్నిపర్వతాలు. వాటి నుంచి వేల ఏళ్లుగా కొట్టుకొచ్చిన బూడిద ఇక్కడ పేరుకుంది. పైమట్టి కింద సున్నపు పొర రాయిలా గట్టిపడటంతో చెట్ల వేళ్లు లోతుకు దిగలేవు. గడ్డి వేళ్లకు మాత్రం పైమట్టి సరిపోతుంది. బూడిద వల్ల ఆ గడ్డిలో కాల్షియం, భాస్వరం ఎక్కువగా ఉంటాయి. పాలిచ్చే తల్లులకు కావలసినవి అవే.

అందుకే వానలు పడే కాలంలో విల్డెబీస్ట్‌లు ఈ దక్షిణ మైదానాలకు చేరతాయి. ఆవు తల, గుర్రపు తోక, మేక గడ్డం కలిపినట్టు కనిపించే జింక జాతి జంతువు ఇది. ఫిబ్రవరి ప్రాంతంలో రెండు మూడు వారాల్లోనే ఎక్కువ దూడలు పుడతాయి. పుట్టిన కొన్ని నిమిషాలకే దూడ లేచి తల్లి వెంట నడుస్తుంది. సింహాలు, హైనాలు ఎన్ని తిన్నా ఒకేసారి పుట్టిన అన్ని దూడలను తినలేవు. మైదానం ఎండాక మందలు పడమటికి, ఆపై ఉత్తరాన మారా నది వైపు కదులుతాయి. వానలతో పాటే మళ్లీ దక్షిణానికి తిరిగొస్తాయి.

ఇప్పుడు ఈ మందల్లో సుమారు 13 లక్షల విల్డెబీస్ట్‌లు ఉన్నాయి. ఇవి అనాదిగా ఇలాగే ఉన్నాయని చూసేవారికి అనిపించడం సహజం. 1960ల మొదట్లో విమానం నుంచి లెక్కించినప్పుడు ఇవి 2.5 లక్షల చిల్లర మాత్రమే.

దూడలను చంపిన వైరస్

పంతొమ్మిదో శతాబ్దం చివర ఆఫ్రికాను ఒక పశువ్యాధి ముంచెత్తింది. దాని పేరు రిండర్‌పెస్ట్. తెలుగులో ముసర వ్యాధి అంటారు. మనుషులకు తట్టు తెచ్చే వైరస్‌కు దగ్గరి బంధువైన వైరస్ దీనికి కారణం. నోట్లో పుండ్లు, జ్వరం, ఆగని విరేచనాలతో పశువులు రోజుల్లోనే చనిపోయేవి. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం ఎరిత్రియా తీరానికి తెచ్చిన పశువులతో ఇది వచ్చిందనీ, ఆ పశువులు భారత్ నుంచి వెళ్లినవనీ చాలామంది చరిత్రకారులు రాశారు. పదేళ్లలో వ్యాధి దక్షిణాఫ్రికా దాకా పాకింది. ఎద్దులు లేక దుక్కి ఆగిపోయింది. ఇథియోపియాలో ఘోరమైన కరవు వచ్చింది. పశువులే ఆస్తిగా బతికే మాసాయిలు చితికిపోయారు.

వ్యాధి అక్కడితో ఆగలేదు. గిట్టలు చీలిన అడవి జంతువులకూ సోకింది. సెరెంగెటిలో దశాబ్దాల పాటు విల్డెబీస్ట్ దూడలు తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ తగ్గగానే, ఏడాది నిండకుండానే చనిపోయేవి. 1950ల నుంచి పార్కు చుట్టుపక్కల పశువులకు టీకాలు వేశారు. అడవి జంతువులకు ఒక్క టీకా కూడా వేయలేదు. అయినా 1963 తర్వాత పుట్టిన విల్డెబీస్ట్‌ల రక్తంలో ఆ వైరస్ జాడ కనిపించలేదు. పల్లెల్లోని ఆవుల నుంచే వైరస్ అడవిలోకి వచ్చేదని అలా తేలింది.

జీబ్రా ఇచ్చిన సాక్ష్యం

మందలు పెరగడానికి వేరే కారణం ఉండొచ్చు కదా అన్న ప్రశ్నకు జీబ్రాలు జవాబిచ్చాయి. అవి ఒంటిగిట్ట జంతువులు, రిండర్‌పెస్ట్ వాటికి సోకదు. 1960, 70లలో విల్డెబీస్ట్‌లు, అడవి దున్నలు వేగంగా పెరిగాయి. అదే గడ్డి మేసే జీబ్రాలు మాత్రం సుమారు రెండు లక్షల దగ్గరే ఉన్నాయి. 1970లలో ఎండాకాలంలో కురిసిన అదనపు వానలు కూడా కలిసివచ్చాయి. 1977 నాటికి విల్డెబీస్ట్‌లు 13 లక్షలు దాటాయి.

ఆ తర్వాతి మార్పులను సెరోనెరా వైపు వెళ్లేటప్పుడు చూడవచ్చు. మందలు గడ్డిని మేసేయడంతో కార్చిచ్చుకు ఇంధనం తగ్గింది. మంటలు తగ్గడంతో తుమ్మ జాతి మొక్కలు బతికి చెట్లయ్యాయి. గాలిలోకి కార్బన్ వదులుతూ వచ్చిన నేల దాన్ని నిల్వ చేసుకునే నేలగా మారిందని 2009లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆహారం దొరకడంతో సింహాలు, హైనాలు కూడా పెరిగాయి. గ్రానైట్ గుట్ట మీద ఎండ కాచుకునే సింహం వెనుక ఎక్కడో ఒక ఆవుకు వేసిన టీకా ఉంది.

ముక్తేశ్వర్ నుంచి ముగుగా దాకా

ఈ కథలో మన దేశానికీ చోటుంది. హిమాలయాల్లోని ముక్తేశ్వర్ పరిశోధనశాలలో 1920లలో జె.టి. ఎడ్వర్డ్స్ ఈ వైరస్‌ను మేకల్లో ఒకదాని నుంచి మరొకదానికి ఎక్కిస్తూ బలహీనపరిచి, టీకాకు దారి వేశారు. కెన్యాలోని కబెటె ప్రయోగశాల కూడా మేకల పద్ధతినే అనుసరించింది. తర్వాత కెన్యాలోనే ముగుగాలో వాల్టర్ ప్లోరైట్ కణాల్లో పెంచిన వైరస్‌తో మరింత సురక్షితమైన టీకా తయారు చేశారు. దీనికి 1999లో ఆయన ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. భారత్‌లో చివరి కేసు 1995లో కనిపించింది. 2011లో ప్రపంచమంతా ఈ వ్యాధి లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమి మీద లేకుండా చేసిన రెండో వ్యాధి ఇదే.

కంచె ఆపలేనివి

ఇంతటితో ప్రమాదం తీరిపోలేదు. 1994లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడో వంతును చంపింది. ఆ తర్వాత పార్కు చుట్టూ ఉన్న ఊళ్లలో కుక్కలకు టీకాలు వేయడం మొదలైంది. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు, వాటిలో కొన్నింటిలో ఇదే వైరస్ బయటపడింది.

రిండర్‌పెస్ట్‌కు తమ్ముడి వరసైన పీపీఆర్ ఇంకా మన మధ్యే ఉంది. గొర్రెలు, మేకలతో పాటు అడవి జంతువులకూ సోకుతుంది. 2030 నాటికి దాన్ని తుడిచిపెట్టాలన్నది అంతర్జాతీయ లక్ష్యం. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్నవి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనే. ఊరి చివర గొర్రెల దొడ్డిలో వేసే టీకా ఆ కాపరి ఇంటిని నిలబెడుతుంది. ఆ మంద మేసే కొండల్లోని అడవి జీవాలకూ అదే రక్షణ అవుతుంది.