పాఠ్యం – స్వరం: ఇటలీ మాడ్రిగల్, అన్నమయ్య సంకీర్తన

కవిత్వానికీ సంగీతానికీ గల సంబంధాన్ని తులనాత్మకంగా పరిశీలించేవారు ముందుగా ఆధారాల స్వభావాన్ని గుర్తించాలి. పెట్రార్క్ (1304–1374) ప్రేమకవితలు 16వ శతాబ్దపు ఇటలీలో ‘మాడ్రిగల్’ అనే బృందగానానికి ముఖ్యమైన ఆకరమయ్యాయి. ఇందులో సాధారణంగా నాలుగైదు గొంతులు వేర్వేరు వరుసలను ఒకేసారి పాడతాయి. పల్లవి తిరిగి రాదు. పాదం మారితే సంగీతమూ మారుతుంది. ‘నిట్టూర్పు’ అనే మాట వచ్చినచోట స్వరం క్షణకాలం ఆగుతుంది. కవికీ స్వరకర్తలకూ మధ్య రెండు శతాబ్దాల దూరమున్నా, ముద్రిత స్వరపుస్తకాలు మిగిలాయి కనుక ఈ అన్వయాన్ని నేటికీ నిరూపించవచ్చు.

అన్నమయ్య (1408–1503) విషయంలో స్థితి తలకిందులు. ఇక్కడ కవి, గాయకుడు ఒక్కరే. పల్లవి ప్రతి చరణం తరువాతా తిరిగివచ్చి భావాన్ని గట్టిపరుస్తుంది. అయితే తిరుమల రాగిరేకులు సాధారణంగా రాగం పేరు చెబుతాయే గాని స్వరం ఇవ్వవు. నేడు వినిపించే బాణీలలో అధికభాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారు 20వ శతాబ్దంలో కూర్చినవి. వాటిని ఆధారం చేసుకొని అన్నమయ్య సంగీతదృష్టిని నిర్ణయించడం పొరపాటు. పరిశోధకులకు దక్కిన సాక్ష్యం పల్లవి–చరణాల పొందిక, యతిప్రాసలు, రేకుమీది రాగనామం. సంకీర్తన సంగీతచర్చ అక్కడినుంచే మొదలుకావాలి.